బాదుషా సాంస్ లెక్క

మా ఇంట్లో ఆ జానవర్ అసలు పేరు ఎవరమూ పలకం. ఇంగ్లీషులో గినీ పిగ్, తెలుగులో సీమపంది. ముసల్మాన్ ఇంట్లో ఆ మాట నోట్లోంచి ఎట్లా వస్తుంది? మా బావమరిది దాన్ని హైదరాబాదు నుంచి చెప్పుల అట్టపెట్టెలో తెచ్చి మున్నీ చేతిలో పెట్టిన రోజు, పేరు వినగానే అమ్మీ తస్బీ పక్కన పెట్టి "తౌబా తౌబా" అంటూ లేచి నిలబడింది. "సువ్వర్ కాదు ఖాలా, చూహేకా రిష్తేదార్" అని వాడు సర్దిచెప్పబోయాడు. "ఎలకల చుట్టమా? అదింకా బాగుంది" అంది అమ్మీ.

వాడు చెప్పింది సహీనే. దానికి పందితో ఏ రిష్తా లేదు, గినీ దేశంతోనూ లేదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల జాతి. పెరూలో వేల ఏళ్ల నుంచీ ఇళ్లలో పెంచుతున్నారు, వండుకుని తింటారు కూడా. ఈ ఆఖరి సంగతి మున్నీ ముందు ఎవరూ ఎత్తకూడదని మా బేగం హుకుం. పక్కింటి చాచా మాత్రం చూసిన ప్రతిసారీ "హలాలేనా ఇది?" అని అడిగి, దాని నడుం కేసి ఒక చూపు చూసి పోతాడు.

గోధుమరంగు ఒళ్లు, వీపు మీద పాకం పోసినట్టు తెల్లటి మచ్చ. మున్నీ "బాదుషా" అని పేరు పెట్టింది. మిఠాయి పేరో, తఖ్తు మీద కూర్చునే ఆయన పేరో దాన్నే అడగాలి. నెల తిరక్కుండానే బాదుషా ఇంటి చప్పుళ్లన్నీ నేర్చేశాడు. ఫ్రిజ్ తలుపు తీసినా, కొత్తిమీర కవర్ గలగలమన్నా "వీక్, వీక్" అని వీధి చివరిదాకా వినపడేట్టు కూసేవాడు.

అమ్మీ వాణ్ని ముట్టుకునేది కాదు. కానీ మొదటి వారంలోనే మున్నీని పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లిని బంధించి చంపిన ఔరత్ సంగతి చెప్పింది. తాను తిండి పెట్టలేదు, పోయి పురుగో పుట్రో తిని బతకమని వదిలిపెట్టనూ లేదు, అందుకే ఆమె జహన్నం పాలైందని హదీసుల్లో ఉంది కదా, అది. "కైద్‌లో పెట్టుకున్నావు. ఇంక దాని జవాబు నువ్వే ఇయ్యాల" అంది. తొమ్మిదేళ్ల పిల్ల ఆ రాత్రి రెండుసార్లు లేచి వాడి నీళ్ల సీసా చూసి వచ్చింది.

2025 రంజాన్, పదో రోజా. సెహ్రీకి బేగం ఫ్రిజ్ తీసి పెరుగు గిన్నె బయటపెట్టింది. కూత లేదు. నేను గమనించలేదు, ఆమె గమనించలేదు. సెహ్రీ కోసం పట్టుబట్టి లేచిన మున్నీ "అబ్బూ, బాదుషా పలకలేదు" అంది. పడుకున్నాడేమోలే అన్నాను. ఆ జాతి అట్లా మొద్దునిద్ర పోదని నాకు అప్పటికి తెలియదు.

పోయి చూస్తే మూలన ఒళ్లంతా ఉబ్బించుకుని ఉన్ని ఉండలా కూర్చుని ఉన్నాడు. కళ్లు సగం మూతలు. ముక్కు చివర చీమిడి ఎండి పొక్కు కట్టింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కలు లోపలికి పోతున్నాయి. ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల చిన్న చిటపట, ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు.

ఆ చప్పుడు నాకు తెలుసు. మా అబ్బా ఛాతీలో విన్నాను.

అబ్బా ఇరవై రెండేళ్లు ఆదోనిలో జిన్నింగ్ మిల్లులో చేశాడు. పత్తి సీజన్‌లో ఆ షెడ్డులో మనిషికి మనిషి కనపడేవాడు కాదట, కనుబొమల మీద, మీసాల మీద, అంతా దూది. కర్నూలు వచ్చి స్థిరపడ్డాక మిల్లు పోయింది గానీ దమ్మా పోలేదు. జేబులో పంపు ఉండేది. దాన్ని ఎవరి ముందూ వాడేవాడు కాదు. దస్తర్‌ఖాన్ దగ్గర ఊపిరి ఆడకపోతే "చేతులు కడుక్కొస్తా" అని లేచి పోయేవాడు. ఆఖరి మూడు రంజాన్లు రోజాలు పెట్టుకోలేక ఫిద్యా ఇచ్చాడు. అయినా పగలు పంపు కొట్టుకోవడానికి బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పేవాడు, చప్పుడు మాకు వినపడకుండా. సాయంత్రాలు మిద్దె మీదికి పోయి కూర్చునేవాడు, గాలి కోసమని. రాత్రి నెబ్యులైజర్ మిషను గుర్రుమంటే నేను అటు తిరిగి పడుకునేవాణ్ణి. అమ్మీ లేచింది కదా అని.

సరే, బాదుషా దగ్గరికి వస్తాను.

జలుబే అనుకున్నాను. పొద్దున్నే పశువుల దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడి డాక్టర్ మంచాయన. బర్రెలు, మేకలు, కుక్కలు అయితే చెప్పగలను గానీ ఈ జాతి నా చేతికి ఎప్పుడూ రాలేదు సార్ అని సాఫ్‌గా చెప్పాడు. అక్కడితో ఆగి తెలిసినవాళ్లను అడిగి ఉంటే బాగుండేది. వాపసు వస్తూ దారిలో మందుల షాపులో ఆగి, చిన్న జానవర్‌కు దగ్గూ జలుబూ అన్నాను. షాపతను చంటిపిల్లల యాంటీబయాటిక్ సిరప్ ఇచ్చాడు. పిల్లలకు ఇచ్చేది కదా, దీనికేం అవుతుందిలే అనుకున్నాను. అసర్ తర్వాత అర మిల్లీ తాగించాను. గులాబీరంగు, తియ్యటి వాసన. నాకు ఆ పూట మనసు నిమ్మళించింది కూడా.

రాత్రి తరావీహ్ నుంచి వచ్చేసరికి బావమరిది హైదరాబాదులో కుందేళ్లనూ పక్షులనూ చూసే డాక్టరమ్మ నంబరు పంపి ఉన్నాడు. ఆ వేళప్పుడు ఆమె ఫోన్ ఎత్తడమే మెహర్బానీ. అన్నీ విని, ఇప్పటిదాకా ఏం మందు ఇచ్చారని అడిగింది. సీసా తిప్పి చదివాను. అమాక్సిసిలిన్. అవతల ఒక్క క్షణం మాట లేదు. "ఎన్నిసార్లు పోశారు?" అంది.

ఒక్కసారే.

"ఇంక చుక్క కూడా పోయొద్దు."

తర్వాత ఆమె చెప్పింది, ఇట్లాంటి చిన్న జానవర్లు ఉన్న ఇళ్లవాళ్లు యాద్ పెట్టుకోవాల్సిన సంగతి కాబట్టి రాస్తున్నాను. మనకూ మన పిల్లలకూ రోజూ రాసే పెన్సిలిన్ కుటుంబం మందులు, అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటివి, వీటికి జహర్. వీటి కడుపులో గడ్డిని అరిగించే మేలు సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ మందు వాటిని చంపేస్తుంది. ఖాళీ అయిన జాగాలో చెడ్డవి పెరిగి విషం పుట్టిస్తాయి. నీళ్లవిరేచనాలు పట్టుకుని కొన్ని రోజుల్లో జానవర్ పోతుంది. పోయింది జబ్బుతోనే అని మనం అనుకుంటాం. క్లిండమైసిన్, ఎరిత్రోమైసిన్ కూడా నోటి ద్వారా ఇయ్యకూడదట.

ఇంకోటి. ఇవి ముక్కుతోనే ఊపిరి తీస్తాయి. మనకు ముక్కు దిబ్బడేస్తే నోరు తెరుస్తాం. వీటికి ముక్కు మూసుకుపోతే కష్టమే. నోరు తెరిచి ఎగపీలుస్తోందంటే చాలా దూరం వచ్చేసినట్టు. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదితో ముక్కు మెత్తగా తుడవమంది. తుడిచాను. దూది అంచున పసుపుపచ్చ జిగురు. అబ్బా ఛాతీలో చేరిన దూదిని ఏ దూదితో తుడవగలం అని ఆ అర్ధరాత్రి ఒక పిచ్చి ఖయాల్ వచ్చింది.

"రేపు తీసుకురాగలరా?" అని అడిగింది డాక్టరమ్మ. కర్నూలు నుంచి హైదరాబాదు రెండు వందల కిలోమీటర్ల పైమాట. ఏడు వందలకు కొన్న జానవర్.

అమ్మీ మేలుకునే ఉంది. "రోజాల్లో ఎలక కోసం హైదరాబాద్ పోతారా ఎవరన్నా? లోగాఁ క్యా బోలేంగే?" అంది. నేనేమీ అనలేదు. సిరప్ సంగతి ఆమెకు చెప్పలేదు. సెహ్రీ అయ్యాక దోస్తు కారు తాళాలు తీసుకుని బయల్దేరుతుంటే వంటింట్లోంచి వచ్చి, ఒక నూరు రూపాయల నోటు బాదుషా బుట్ట చుట్టూ తిప్పి, గుమ్మం బయట ఎవరికన్నా సదఖా ఇయ్యమని నా చేతిలో పెట్టింది. మొహం మాత్రం కోపంగానే ఉంది.

ఫజర్ నమాజు చేసి కదిలాం, నేనూ మున్నీ. మార్చి నెల, మా ఊళ్లో పది దాటితే నిప్పులే. ఈ జాతికి చలి ఒక మోస్తరుగా ఓర్చుకునే శక్తి ఉందిగానీ ఎండకు తట్టుకోలేదు. వేడి కొంచెం ఎక్కువైతేనే వీటికి కష్టం మొదలవుతుంది. బుట్టలో పాత తువ్వాలు, పక్కన గుడ్డ చుట్టిన చల్లనీళ్ల సీసా. తుంగభద్ర వంతెన మీద ఉండగా తూరుపు తెల్లబడింది. మున్నీ బుట్ట మూత సందులోంచి వేలు పెట్టి వాడి పక్కల మీద ఆనించి ఉంచింది. "కదులుతున్నాడు" అని అరగంటకోసారి ఖబర్ చెప్పేది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు ఖబర్ రాలేదు. అద్దంలో చూశాను. నిద్రపోయింది, వేలు సందులోనే ఉంది. కారు పక్కకు ఆపి నేనే చూశాను. కదులుతున్నాడు.

ముసాఫిర్‌కి రుఖ్సత్ ఉంది, రోజా తర్వాత ఖజా కట్టుకోవచ్చు. నేను రోజాతోనే ఉన్నాను. అదేం బహదూరీ కాదు. ఆ సిరప్ పోసిన చేత్తో ఏదీ తినబుద్ధి కాలేదు, అంతే.

దవాఖానాలో ముందు తూకం వేశారు. 702 గ్రాములు. "నెల కింద ఎంత ఉండేది?" అంది డాక్టరమ్మ. ఏనాడైనా తూచితే కదా. ఈ జానవర్లు జబ్బును దాచుకుంటాయి, అడవిలో జబ్బుగా కనపడితే వేటాడే మృగం ముందు దాన్నే పట్టుకుంటుంది, అందుకని ఆఖరి దాకా బాగున్నట్టే కూర్చుంటాయి, మీకు తెలిసేలోగా తూకానికి తెలుస్తుంది, వారానికోసారి వంటింటి తూకం మీద పెట్టండి అంది. ఊపిరి లెక్కపెట్టింది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి నలభై నుంచి నూరు లోపల ఉండాలట. నూట ముప్పై దాటింది. ఎక్స్‌రేలో కుడివైపు ఊపిరితిత్తి కింద మబ్బు పట్టినట్టు తెల్లగా ఉంది. న్యుమోనియా.

అప్పుడు సవాళ్లు మొదలుపెట్టింది. ఎక్కడ పడుకుంటాడు? రంపపు పొట్టులో అన్నాను, కట్టెల మిషను నుంచి ముఫ్త్‌గా తెచ్చింది. దుమ్ము, ఇవాళే పారేయండి. పక్కన వేరే జంతువులు ఉన్నాయా? పక్కింటి పిల్లల కుందేలు రోజూ వచ్చి ఆడుతుంది. కుందేళ్ల ముక్కులో ఒక రకం సూక్ష్మజీవి ఉంటుంది, వాటినేం చేయదు, వీటికి సోకితే న్యుమోనియా వస్తుంది, ఇంక కలపొద్దు. ఇంట్లో పొగ? ఎవరూ సిగరెట్ తాగరని చెప్పాను, కొంచెం ఫఖర్‌గానే. "అగరొత్తులు, సాంబ్రాణి?"

లోబాన్. జుమేరాత్ జుమేరాత్ మగ్రిబ్ వేళ అమ్మీ ఊద్‌దాన్‌లో నిప్పులేసి ఇల్లంతా తిప్పుతుంది. బాదుషా గూడు ఉండేది ఆ నడవలోనే. చెప్పాను. ఆమె రాసుకుంది. మూడింట్లో ఏది అసలు కారణమో చెప్పలేం, మూడూ ఆపండి అంది.

ఎన్రోఫ్లోక్సాసిన్ చుక్కలు రోజుకు రెండుపూటలా. విటమిన్ సి వేరే, ఎందుకంటే మనలాగే వీటి ఒళ్లూ దాన్ని సొంతంగా తయారుచేసుకోలేదు. జబ్బులో ఇంకా ఎక్కువ కావాలి. గడ్డి పొడితో చేసిన దాణా ఒక పొట్లం, నీళ్లలో కలిపి సిరంజీతో పట్టాలి, రోజుకు అయిదుసార్లు, పూటకు పది మిల్లీలు. తిండి ఒక పూర్తి రోజు ఆగితే వీటి పేగులు కదలడం మానేస్తాయి, ఊపిరితిత్తి బాగుపడినా అది చంపేస్తుంది అంది. ఉప్పునీళ్ల ఆవిరి పదిహేను నిమిషాలు, పొద్దునా సాయంత్రం. "నెబ్యులైజర్ దొరుకుతుందా మీ ఊళ్లో?"

ఇంట్లో ఉంది అన్నాను.

అమ్మీ దాన్ని అల్మారా పైఅరలో, తాను కుట్టిన గుడ్డసంచీలో పెట్టి ఉంచింది. అబ్బా పోయి నాలుగేళ్లు. గరీబు ఎవరికైనా ఇచ్చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నామో, ఎన్నిసార్లు సంచీ దించి మళ్లీ పైన పెట్టామో. నేను అడగలేక తచ్చాడుతుంటే బేగం విషయం చెప్పేసింది. అమ్మీ స్టూలు వేసుకుని తానే ఎక్కి దించింది. సంచీలో అబ్బా వాడగా మిగిలిన మందు గొట్టాలు రెండు, తారీఖు దాటినవి. అవి తీసి కొంగుకు ముడేసుకుంది. మిషను నా ముందు పెట్టి "నడుస్తాదో లేదో" అంది. ప్లగ్గు పెట్టాను. అదే గుర్రు. ముగ్గురం కాసేపు దాని చప్పుడే విన్నాం.

మాస్కు, పైపు కొత్తవి తెచ్చాను. మాస్కు వాడి తలకాయ కన్నా పెద్దది. ప్లాస్టిక్ డబ్బాకు పైన గాలి కన్నాలు చేసి, వాణ్ని అందులో కూర్చోబెట్టి, పక్క కన్నంలోంచి పైపు పెట్టాం. పొగమంచు లోపల బాదుషా మీసాల మీద నీటిబొట్లతో నవాబులా కూర్చునేవాడు. సిరంజీ మాత్రం యుద్ధమే. బేగం తువ్వాలులో మూతి ఒక్కటే బయటికి ఉండేట్టు చుట్టి ఒళ్లో పెట్టుకునేది. ముందుపళ్ల పక్కనుంచి బుగ్గలోకి కొంచెం కొంచెం ఇయ్యాలి, నమిలి మింగాక ఇంకొంచెం. తొందరపడి నోట్లోకి తోస్తే ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పది మిల్లీలకు అరగంట. సెహ్రీకి ముందొకటి, జొహర్‌కొకటి, అసర్‌కొకటి, ఇఫ్తార్ అయ్యాక ఒకటి, తరావీహ్ తర్వాత ఆఖరుది. అసర్ పూట నా గొంతు ఎండిపోయి ఉండేది, వాడి మూతికి గిన్నె అంచున పచ్చగడ్డి వాసన. ఒళ్లో పోసిన ప్రతిసారీ నమాజుకు బట్టలు మార్చుకోవడం ఒకటి. ఆ రంజాన్‌లో ఉతికినన్ని లుంగీలు నా జిందగీలో ఉతకలేదు.

గూడును లోపలి గదిలోకి మార్చాం. అక్కడ బేతంచెర్ల నాపరాళ్ల పరుపు, ఎండాకాలంలో కూడా కాలికి చల్లగా తగులుతుంది. రంపపు పొట్టు బదులు పాత దుప్పటి ముక్కలు.

మొదటి నాలుగు రోజులు మాకు ఊపిరి కన్నా కడుపు భయం. ఆ అర మిల్లీ ఏం చేస్తుందోనని. పొద్దున లేవగానే ఇంటిల్లిపాదీ మేకపెంటికల్లాంటి వాడి గింజలు చూసేవాళ్లం, గట్టిగా ఉన్నాయా, మెత్తబడ్డాయా అని. మా ఇంట్లో దాని గురించి అల్‌హందులిల్లాహ్ చెప్పుకుంటామని ఎప్పుడైనా అనుకున్నామా. మున్నీ పాత నోటుపుస్తకంలో గీతలు కొట్టి గడులు చేసింది: తారీఖు, తూకం, సాంస్. 702, 690, 684, 676, 671. దిగుతూనే ఉంది. సాంస్ 128, 131, 126. ఫోన్లో సెకన్లు పెట్టుకుని, వాడి పక్కలు చూస్తూ పెదాలతో లెక్కపెట్టేవాణ్ణి. అబ్బాకు నిమిషానికి ఎన్ని సాంసులు ఉండేవో నాకు ఈరోజుకీ తెలియదు. ఎప్పుడూ లెక్కపెట్టలేదు.

671 రాసిన రాత్రి మున్నీ పడుకోలేదు. "చచ్చిపోతాడా?" అని అడిగింది. ఏదో ఒకటి చెప్పాలని అబూ ఉమైర్ ఖిస్సా ఎత్తుకున్నాను. హజ్రత్ అనస్ గారి తమ్ముడు, చిన్న పిల్లోడు. ఒక పిట్టను పెంచుకునేవాడు. ఒకరోజు ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, వాళ్లింటికి వచ్చేసరికి పిల్లోడు దిగాలుగా ఉన్నాడు. ఎందుకని అడిగితే సంగతి చెప్పారు. అంతటి ఆయన ఆ పసివాణ్ణి పెద్దమనిషిని పిలిచినట్టు "అబూ ఉమైర్" అని పిలిచి, నీ పిట్ట ఏమైందయ్యా అని ముచ్చటగా పరామర్శించారు. ఒక పిట్ట కోసం ఒక పిల్లోడి గమ్‌ను ఆయన చిన్నదనుకోలేదు అన్నాను.

"పిట్టకు ఏమైంది?" అంది మున్నీ.

అప్పుడు తెలిసింది నేను ఎత్తుకున్న ఖిస్సా ఏమిటో. "పోయింది" అన్నాను. ఇంకేం అనను. అది గోడవైపు తిరిగి పడుకుంది. చాలాసేపటికి "పోయినాకనే అడిగారా?" అంది. అవునన్నాను. "మన వాడు ఇంకా పోలేదు కదా" అంది.

ఆ వారం జుమేరాత్ వచ్చింది. డాక్టరమ్మ పొగ సంగతి చెప్పిందని అమ్మీకి అప్పుడే చెప్పి ఉన్నాను గానీ, ఇన్నేళ్ల అలవాటు, అందులో రంజాన్ జుమేరాత్, ఏం చేస్తుందో తెలియదు. ఇఫ్తార్ అయి మగ్రిబ్ చదువుకున్నాక ఊద్‌దాన్‌లో నిప్పులు వేసుకుంది. లోబాన్ డబ్బీ చేతిలోకి తీసుకుంది. నడవలోకి రాలేదు. వెనక తలుపు తీసుకుని మిద్దె మెట్లు ఎక్కింది. మోకాళ్ల నొప్పులతో ఆమె మిద్దె ఎక్కక ఏడాది. నేను వెనకే పోయాను.

పిట్టగోడ పక్కన ఊద్‌దాన్ పెట్టి, ఫాతిహా చదివి, కింద కూలబడి కూర్చుంది. గాలికి పొగ పక్కింటి వైపు పోతోంది. ఎదురుగా అబ్బా నవారు మంచం, ఎండకూ వానకూ పట్టీలు తెగి.

"తేరే అబ్బా హర్ జుమేరాత్ ఇధరిచ్ ఆకే బైఠ్తే థే" అంది. "హవా కే వాస్తే బోల్తే థే."

ప్రతి జుమేరాత్. నేను మిగతా రోజులు గుర్తు చేసుకోవడానికి చూశాను. ఆదివారాలు అబ్బా ఎక్కడ కూర్చునేవాడు? కింద, నడవలో, కుర్చీలో. అమ్మీ కొంగు ముడి విప్పి, ఆ రెండు మందు గొట్టాలు అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. నేను ఏం అనగలను. ఇషా అజాన్ అయ్యేదాకా ఇద్దరం అక్కడే ఉన్నాం. నిప్పులు ఆరిపోయాక ఊద్‌దాన్ నేను పట్టుకున్నాను, ఆమె గోడ పట్టుకుని దిగింది.

ఆ తర్వాత తరావీహ్‌కు నేను మస్జిద్‌కి పోయినప్పుడు సిరంజీ ఎవరు పడుతున్నారో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. బేగం ఒక్కతే పట్టుకుని తాగించడం కుదరని పని. ఒకరోజు ముందుగా వచ్చి చూస్తే అమ్మీ చాప మీద కాళ్లు చాపుకుని, తన పాత దుపట్టాలో బాదుషాను చుట్టి ఒళ్లో పెట్టుకుని ఉంది. నన్ను చూసి "వీడు నీకన్నా మొండి. చిన్నప్పుడు నువ్వు గ్రైప్ వాటర్‌కు ఇట్లనే మూతి తిప్పుతాంటివి" అంది.

671 తర్వాత రెండు రోజులు 671. మూడో రోజు 675. బాదుషా ఒక కొత్తిమీర కాడ తనంతట తాను లాక్కుని నమిలాడు. ఆ చిన్న కరకర విని బేగం వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. కాప్సికం ముక్కలు మొదలుపెట్టాం, దాంట్లో విటమిన్ సి బాగా ఉంటుందని. సాంస్ 110, 104, 96. మందు మూడు వారాలు వాడించింది డాక్టరమ్మ. బాగున్నాడని మధ్యలో ఆపొద్దని మరీ మరీ చెప్పింది. ఈద్ పొద్దున షీర్‌ఖుర్మాకు పాల పాకెట్లు తీద్దామని బేగం ఫ్రిజ్ తెరిస్తే, లోపలి గదిలోంచి బొంగురుగా, సగం గొంతుతో, "వీక్" అని ఒకే ఒక్క కూత. ఈద్‌గాహ్‌కు తయారవుతున్నవాణ్ణి ఒక చెయ్యి షేర్వానీలో, ఒక చెయ్యి బయట అట్లాగే నిలబడిపోయాను.

గొంతు పూర్తిగా వాపసు రాలేదు. ఇప్పటికీ చల్లటి రాత్రుల్లో చెవి ఆనిస్తే అడుగున ఆ చిటపట కొంచెం వినపడుతుంది. ఎక్స్‌రేలో మచ్చ చిన్నదైంది, పోలేదు. మళ్లీ రావచ్చు, చూసుకుంటూ ఉండాలి అంది డాక్టరమ్మ. పక్కింటి చాచాకు మాత్రం వాడు చిక్కిపోయాడని గమ్ పట్టుకుంది.

నోటుపుస్తకం ఆపలేదు. ఇప్పుడు వారానికోసారి, జుమేరాత్ నాడు. మొన్న ఒక పెళ్లికి నేనూ బేగం మున్నీ నంద్యాల పోయి మూడు రోజులుండాల్సి వచ్చింది. అమ్మీ ఒక్కతే ఇంట్లో. తూకం సంగతి ఆమెకు చెప్పడం మరిచిపోయాం. వాపసు వచ్చాక మున్నీ పుస్తకం తెరిచి "అబ్బూ, ఇదేంటి?" అని తెచ్చి చూపించింది. అమ్మీకి తెలుగు రాయడం రాదు. మున్నీ గీసిన గడుల్లో, కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో రాసి ఉంది. తూకం, 742. సాంస్ గడిలో 88. అంకెలు కొంచెం వణికాయి. ఎన్నిసార్లు లెక్కపెట్టిందో, ముందు రాసిన రెండు అంకెలు కొట్టేసి ఉన్నాయి.